బస్తా ఎత్తేటప్పుడు, ముక్కేటప్పుడు, దగ్గేటప్పుడు: పొట్టలోని ఒత్తిడి తలకీ వెన్నుకీ ఎక్కకుండా ఎలా చూసుకోవాలి

ప్రతి ఏటా దాళ్వా మాసూళ్లు, అంటే రబీ వరి కోతలు, నూర్పిళ్లు, మొదలైన పది పదిహేను రోజులకి నా దగ్గరకి వచ్చేవాళ్లు మారిపోతారు. నేను కోనసీమలో ఒక చిన్న ఊళ్లో ఫిజియోథెరపీ చేస్తుంటాను. మిగతా రోజుల్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు ఎక్కువ. మాసూళ్లప్పుడు మాత్రం బస్తాలు మోసే జట్టు వాళ్లు, సొంత ధాన్యం సొంతంగా ఎత్తుకున్న చిన్న రైతులు, రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు మోసే కుర్రాళ్లు వస్తారు. ఒకాయన "బస్తా లారీ మీదకి వేసి ఇటు తిరిగానండి, కళ్లు బైర్లు కమ్మేశాయి" అంటాడు. ఇంకొకాయన "దగ్గితే చాలండి, నడుం దగ్గర మొదలై పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది" అంటాడు. ఒకటి తలకి సంబంధించింది, ఇంకొకటి నడుముకి సంబంధించింది అనుకుంటారు. రెండింటిలోనూ పొట్టకి వాటా ఉంది. అదెలాగో, రోజువారీ పనుల్లో ఏం మార్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు, లోపల ఏం జరుగుతుందో చూడండి

మన డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేలోకి నీళ్లు పంట కాలువ తెస్తుంది. మిగిలిన నీటిని మురుగు కాలువ తీసుకుపోతుంది. గోదావరికి వరద వచ్చిందంటే మురుగు కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. పంట కాలువ బాగానే పారుతుంటుంది, చేను మాత్రం ములిగిపోతుంది.

తలలోనూ అంతే. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే అయినా గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, అంటే నిమిషానికి 700 మిల్లీలీటర్ల పైచిలుకు, దానికే పోతుంది. వచ్చినదంతా మళ్లీ మెడ సిరల గుండా, వెన్నుపూసల చుట్టూ అల్లుకున్న సిరల గుండా దిగిపోవాలి. ఆ వెన్ను సిరల్లో చాలావరకు కవాటాలు లేవు. కాళ్ల సిరల్లో రక్తం వెనక్కి రాకుండా అడ్డు తలుపులుంటాయి, ఇక్కడ షట్టరు లేని డ్రెయిన్ అన్నమాట. ఒత్తిడి ఎటు తక్కువుంటే రక్తం అటు పోతుంది. 1940లో బాట్సన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఈ సిరల వలను వివరంగా చూపించాడు. అందుకే దానికి ఆయన పేరే ఉండిపోయింది.

పొట్టలో ఒత్తిడి పెరిగితే రెండు జరుగుతాయి. పొట్టలోని పెద్ద సిర నలిగి, అందులో పోవాల్సిన రక్తం కొంత వెన్ను సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి వెన్నుపాము చుట్టూ ఉన్న కాస్త చోటునీ ఆక్రమిస్తాయి. రెండోది, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం పైకి నెట్టుకొచ్చి ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. దాంతో మెడ సిరలు సరిగా దిగవు. పుర్రె గట్టి డబ్బా, సాగదు. లోపల రక్తం నిలిస్తే ఒత్తిడి పెరగాల్సిందే.

లెక్కలో చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. మెదడుకి రక్తాన్ని తోసే బలం అంటే సగటు బీపీలోంచి తల లోపలి ఒత్తిడి తీసేయగా మిగిలింది. సగటు బీపీ 90, తలలో 10 ఉంటే మిగిలింది 80. తలలో 25కి పెరిగితే బీపీ మారకపోయినా 65కి పడిపోతుంది. వెన్నుపాముకీ ఇదే లెక్క, తలలో ఒత్తిడికి బదులు వెన్నుపాము చుట్టూ ఉండే నీటి ఒత్తిడి వేసుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇవి క్షణాల్లో సర్దుకుపోతాయి. మెదడు తన రక్తనాళాలను తనే బిగించుకుని, వదులు చేసుకుని సర్దుకోగలదు. కాబట్టి ఇది చదివి దగ్గడానికి కూడా భయపడకండి. రోజూ పదేపదే అదే పనిగా ఒత్తిడి పెట్టేవాళ్లూ, బీపీ, డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) సమస్య, గ్లకోమా (నీటికాసులు), హెర్నియా ఉన్నవాళ్లూ మాత్రం జాగ్రత్త పడాలి.

బస్తా ఎత్తేటప్పుడు

మా పెదనాన్న ముప్పయ్యేళ్లు రైసు మిల్లులో జట్టులో చేశాడు. నేను కోర్సు చదివే రోజుల్లో ఊపిరి బిగబట్టొద్దని చెబితే నవ్వి, "అమ్మాయీ, దమ్ము బిగబట్టకపోతే బస్తా లేస్తుందటే?" అన్నాడు. ఆయన మాటలో సగం నిజముంది. ఊపిరి తీసుకుని పొట్ట బిగిస్తే పొట్టంతా గాలి కొట్టిన ట్యూబులా గట్టిపడి వెన్నుకి ఊతమిస్తుంది. ఆ ఊతం లేకుండా 75 కేజీల బస్తా ఎత్తితే నడుం ఉండదు. బిగించడం తప్పు కాదు. గొంతు మూసుకుని, బస్తా లేచి భుజం మీదకి చేరేదాకా ఆ ఊపిరి అలాగే పట్టి ఉంచడమే ఇబ్బంది.

అలా పట్టి ఉంచితే ఏమవుతుందంటే, మొదటి క్షణాల్లో బీపీ ఎగురుతుంది. తర్వాత గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ దిగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి వదిలేయగానే ఇంకొంచెం పడి, వెంటనే మామూలు కన్నా పైకి ఎగురుతుంది. కళ్లు బైర్లు కమ్మేది ఎక్కువగా ఆ వదిలేసిన క్షణంలోనే. బస్తా లారీ మీద పడింది, ఊపిరి ఒక్కసారి బయటికి పోయింది, మనిషి తూలాడు. మొదట చెప్పినాయన కథ ఇదే.

ఎంత ఎగురుతుందని అడగొచ్చు. 1985లో కెనడాలో కండలు పెంచే యువకులు కాళ్లతో పెద్ద బరువు తోస్తుండగా చేతి ధమనిలో గొట్టం పెట్టి నేరుగా కొలిచారు. సగటున 320/250 వచ్చింది. ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు అది తట్టుకున్నారు. ఆ క్షణంలో తల లోపలి ఒత్తిడి కూడా పెరిగి రక్తనాళాలకి బయటినుంచి కాస్త ఆనిక ఇస్తుంది. బీపీ మాత్రలు సగం రోజులు మానేసే యాభై ఏళ్ల మనిషి విషయంలో నాకు అంత ధైర్యం లేదు.

ఇక చేయాల్సింది. బస్తాకి ఆనుకుని నిలబడండి. పాదాలు ఎడంగా, ఒకటి కాస్త ముందుకి. మోకాళ్లు వంచండి, నడుం కాదు. మామూలుగా ఒక ఊపిరి తీసుకోండి, నిండా కాదు. ఎవరైనా సరదాగా పొట్టలో గుద్దబోతే ఎంత బిగిస్తారో అంత బిగించండి. బస్తా నేల వదిలిన క్షణంలో పెదాల మధ్య నుంచి "స్..." అంటూ గాలి వదలడం మొదలుపెట్టండి. కొంచెం కొంచెంగా వదలాలి, ఒక్కసారిగా కాదు. గాలి బయటికి పోతోందంటే గొంతు తెరిచి ఉందన్నమాటే.

గోదావరిలో పడవలు లాగేవాళ్లు "హైలెస్సా" అనేవాళ్లు కదా. బలం పెట్టే సరిగ్గా ఆ క్షణంలో నోరు తెరిచి అరుస్తుంటే ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాదు. జట్టులో పనిచేసేవాళ్లకి నేను ఇదే చెబుతాను. ఇద్దరు పట్టి మూడోవాడి వీపు మీదకి ఎక్కించేటప్పుడు ముగ్గురూ కలిసి ఏదో ఒక మాట గట్టిగా అనండి. గాలి వదలడం అని విడిగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మా పెదనాన్నకి "స్" అనడం నామోషీగా అనిపించింది గానీ అరవడానికి అభ్యంతరం లేకపోయింది.

దించాక వెంటనే వంగకండి, కదలకుండా నిలబడకండి. రెండు ఊపిర్లు తీసుకుంటూ నాలుగడుగులు వేయండి. పిక్కలు కదిలితే కాళ్లలో నిలిచిన రక్తం పైకి తిరుగుతుంది. మే నెల ఎండలో ఒంట్లో నీరు తక్కువున్నప్పుడు ఈ తూలడం మరీ ఎక్కువ. పది బస్తాలకొకసారి నీళ్లో మజ్జిగో తాగండి. అన్నం తిన్న వెంటనే బరువు పనికి దిగకండి, కనీసం గంటాగండి.

బరువు గురించి కూడా ఒక మాట. ఒక్క మగమనిషి చేత్తో మోసే బరువు 55 కేజీలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన దగ్గర ధాన్యం బస్తా అంటే ఇంకా 75 కేజీల లెక్కే. ఒక్క మనిషి ఎంత మెళకువగా ఊపిరి వదిలినా ఆ ఇరవై కేజీల తేడా పోదు. బస్తాలు పట్టించేది మీరే అయితే 40 కేజీల గోనెల్లో పట్టించండి. కూలి లెక్క తూకం మీద వేస్తే జట్టు వాళ్లకీ నష్టం ఉండదు.

నడుముకి తువ్వాలు బిగించి కట్టుకునే అలవాటు మంచిదే, ఎత్తే ఆ కాసేపు. బెల్టు కూడా అంతే. రోజంతా బిగించి ఉంచితే అదే పొట్ట మీద ఒత్తిడి. పని ఆపగానే వదులు చేయండి.

దొడ్లో ముక్కేటప్పుడు

ఈ మాట ఎవరూ బయటికి అనరు. నేను అడిగితే సిగ్గుపడతారు. కానీ బస్తా మోసేవాడు ఏడాదికి రెండు సీజన్లే మోస్తాడు, మలబద్ధకం ఉన్నవాళ్లు ప్రతి ఉదయం ఇదే పని చేస్తారు. ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రబడేలా, పది పదిహేను సెకన్లు. తల లోపలా వెన్నులోనూ జరిగేది పైన చెప్పినదే. పెద్దవయసువాళ్లు బాత్రూంలో పడిపోవడానికి ఇదొక కారణం. డిస్క్ నొప్పి ఉన్నవాళ్లకి ఆ రోజంతా నొప్పి లేచేదీ ఇక్కడే.

కింద కూర్చునే దొడ్డి వాడగలిగితే అదే వాడండి. గొంతుక్కూర్చున్నప్పుడు పేగు చివరి వంపు తిన్నగా అవుతుంది, తక్కువ బలంతో పని అవుతుంది. మోకాళ్లు రావని కమోడ్ పెట్టించుకున్న ఇళ్లు ఇప్పుడు ఊళ్లలోనూ చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో జానెడు ఎత్తు పీట ఒకటి కమోడ్ ముందు వేసుకుని పాదాలు దాని మీద పెట్టండి. మోకాళ్లు తొడల మొదలు కన్నా కొంచెం పైకి రావాలి. మోచేతులు తొడల మీద ఆనించి ముందుకి వాలండి. వంటింట్లో వాడకుండా పడున్న పాత పీట సరిపోతుంది, తడికి జారకుండా అడుగున రబ్బరు ముక్కలు కొట్టించండి.

ముక్కాలనిపించినప్పుడు నోరు కొంచెం తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు "హా..." అని మెల్లగా గాలి వదులుతూ పొట్టను ముందుకి, పక్కలకి వెడల్పు చేయండి. పొట్ట లోపలికి లాగకండి. రెండు మూడు సార్లు చేసినా రాకపోతే లేచిపోండి. ఫోను చూస్తూ అరగంట కూర్చోవడం వల్ల మేలేమీ లేదు. భోజనం చేసిన పావుగంట, అరగంటకి పేగు తనే కదులుతుంది. ఉదయం ఏదైనా తిని, ఆ సమయానికే వెళ్లండి, రోజూ అదే వేళకి.

తిండి సంగతికొస్తే మన డెల్టాలో కొదవ లేదు. తోటకూర, బచ్చలి, గోంగూర, అరటి దవ్వ, జామకాయ, పొట్టు తీయని పెసలు. ఇన్ని ఉండి కూడా రెండు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, వేపుడు ముక్క, పచ్చడి తిని మలబద్ధకం అంటాం. మీ పళ్లెంలో అన్నం కొంచెం తగ్గించి, ఆకుకూర ఒక గరిటె కాదు, గిన్నెడు వేసుకోండి. ఇసబ్గోల్ వాడితే పెద్ద గ్లాసుడు నీళ్లతోనే. నీళ్లు తక్కువైతే అది లోపల గట్టిపడి మరింత పట్టేస్తుంది. ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు కూడా బిగిస్తాయి. అవి మొదలుపెట్టాకే ఈ బాధ వస్తే డాక్టరుకి చెప్పండి, మీకు మీరే మానేయకండి.

దగ్గు, తుమ్ము

గట్టిగా దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఆ ఒక్క క్షణం బీపీ లెక్కలో 100 కూడా దాటవచ్చు. మామూలుగా వెల్లకిలా పడుకున్న మనిషిలో అది ఏడు లోపే ఉంటుంది. డిస్క్ పక్కకి జరిగి నరానికి ఆనుకుని ఉన్నవాళ్లకి దగ్గగానే కాలిలోకి లాగేది ఇందుకే. డిస్క్ మీద భారం పడుతుంది, పక్కనే సిరలు ఉబ్బుతాయి, నరానికి ఉన్న చోటు ఇంకా తగ్గుతుంది.

దగ్గు వస్తోందని తెలియగానే నడుం ముందుకి వంచకండి. నిలబడి ఉంటే ఒక చెయ్యి గోడకి ఆనించి, మోకాళ్లు కొంచెం సడలించి, నడుం తిన్నగా ఉంచి దగ్గండి. కూర్చుని ఉంటే ఒక అరచెయ్యి పొత్తికడుపు మీద వేసి అదిమిపట్టండి. ఒక పెద్ద దగ్గుకి బదులు నాలుగు చిన్న దగ్గులుగా విడగొట్టండి. తుమ్ముని ముక్కు మూసి ఆపకండి. రెండు వారాలు దాటిన దగ్గుకి ఈ చిట్కాలేవీ వద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కళ్లె పరీక్ష చేయించుకోండి. దగ్గు తెర వచ్చినప్పుడు ఒక్కసారైనా స్పృహ తప్పినవాళ్లు డాక్టరు చూసేదాకా బండి నడపకూడదు. మన కాలువ గట్టు రోడ్ల మీద అసలు నడపకూడదు.

పొట్టే పెద్దదైనప్పుడు

ఇప్పటిదాకా చెప్పింది క్షణాల ఒత్తిడి. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్లలో ఆ ఒత్తిడి నిద్రలో కూడా మామూలు కన్నా ఎక్కువే. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. మన దేశపు కొలతల్లో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే ఎక్కువ అన్నట్టే. బరువు ఎక్కువున్న వయసు ఆడపిల్లల్లో గడ్డ ఏమీ లేకుండానే తలలో ఒత్తిడి పెరిగే జబ్బు ఒకటుంది. రోజూ తలనొప్పి, వంగి లేచినప్పుడు కళ్లు క్షణం చీకటి కావడం, చెవిలో గుండె చప్పుడు వినిపించడం దాని గుర్తులు. దాన్ని సైట్ తలనొప్పి అనుకుని కళ్లద్దాలు మార్చుకుంటూ కూర్చుంటే చూపు పోతుంది. కంటి డాక్టరు వెనక నరం చూస్తే తెలిసిపోతుంది. బరువు తగ్గడమే ఆ వైద్యంలో పెద్ద భాగం.

లంగా బొందు చర్మం మీద గాడి పడేలా కట్టకండి. సన్నటి బొందు కన్నా వెడల్పాటి పట్టీ మేలు. పొట్ట నీరు చేరి ఉబ్బితే బెల్టులు కట్టకండి, అది లివరో గుండో కిడ్నీయో చూపించుకోవాల్సిన విషయం.

గర్భిణులు ఐదో నెల నిండాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు. గర్భసంచి ఆ పెద్ద సిర మీద పడుతుంది, రక్తం వెన్ను సిరల దారి పడుతుంది, కొందరికి కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకి తిరిగి, వీపు వెనక దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు పక్కకి దొర్లి, చేత్తో నెట్టుకుని లేవండి. నడుం నొప్పి ఉన్న ప్రతివాళ్లూ మంచం దిగాల్సింది కూడా ఇలాగే.

ప్రాణాయామం చేసేవాళ్లలో బీపీ, గ్లకోమా ఉన్నవాళ్లు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టి ఉంచడం, వదిలేయండి. కపాలభాతి కూడా డాక్టరుని అడిగాకే.

ఆసుపత్రిలో మనవాళ్లు ఉంటే

యాక్సిడెంట్లో తలకీ పొట్టకీ కలిపి దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఇదంతా ప్రాణం మీదకి వస్తుంది. ఐసీయూలో పొట్ట లోపలి ఒత్తిడిని మూత్రపు గొట్టం ద్వారా, మూత్రాశయం నుంచి కొలుస్తారు. బీపీ లెక్కలోనే 12కి చేరి అక్కడే నిలిచి ఉంటే ఎక్కువ కింద లెక్క. 20 దాటి నిలిచి, అవయవాలు పనిచేయడం మానేస్తుంటే పొట్ట తెరవాల్సి కూడా రావచ్చు. తలకి దెబ్బ తగిలిన మనిషికి పొట్టలో గొట్టం ఎందుకు వేశారని, తలవైపు మంచం ఎందుకు ఎత్తారని బెంగపడే బంధువులని చూశాను. తలలోంచి రక్తం దిగే దారి తెరిచి ఉంచడానికే అవి. మీరు దిండ్లు సర్దకండి, మెడ పక్కకి వాలనివ్వకండి, నర్సుని పిలవండి. వెన్ను ఆపరేషన్లో మనిషిని బోర్లా పడుకోబెట్టి పొట్ట మాత్రం ఖాళీగా వేలాడేలా ఉంచేదీ ఇందుకే. పొట్ట నొక్కుకోకపోతే వెన్ను సిరలు ఉబ్బవు, రక్తం తక్కువ పోతుంది.

ఎప్పుడు ఆగకూడదు

బరువు ఎత్తుతుండగానో ముక్కుతుండగానో పిడుగు పడ్డట్టు, జన్మలో ఎరగనంత తలనొప్పి వస్తే, మూతి వంకర పోతే, చెయ్యి కాలు పడిపోతే, మాట తడబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. కాసేపు పడుకుంటే తగ్గుతుందని చూడకండి. నడుం నొప్పితో పాటు మర్మాంగాల చుట్టూ, సైకిల్ సీటు ఆనే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా అదీ అంతే అత్యవసరం. తెల్లారాక చూద్దాం అనుకుంటే కాళ్లూ మూత్రమూ ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు.

అంత తీవ్రంగా లేకపోయినా, దగ్గినప్పుడల్లా, ముక్కినప్పుడల్లా తలనొప్పి వస్తుంటే డాక్టరుకి ఆ మాట అదేవిధంగా చెప్పండి. "తలనొప్పండి" అని ఊరుకుంటే మాత్ర రాసి పంపేస్తారు. "దగ్గితేనే వస్తుందండి, ఇన్ని సెకన్లు ఉంటుంది, తల వెనకభాగంలో" అంటే స్కానింగ్ అవసరమా అని ఆలోచిస్తారు. చిట్టీ మీద రాసుకెళ్లండి: ఏ పని చేస్తుంటే మొదలైంది, ఊపిరి పట్టి ఉన్నప్పుడా, వదిలాకా.